దూడ దానంతటదే రాలేదు: బైబిలు కథలను హాస్య కామిక్‌గా గీసేవారికి

ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) ఉంది. పిల్లలకి పుస్తకం వేస్తున్నాం. బైబిలు కథలే గానీ కాస్త నవ్వొచ్చేలా కామిక్ గీసిపెట్టాలి." సెప్టెంబరు దాటాక ఇంకో రకం: సంఘం మాసపత్రిక క్రిస్మస్ సంచికకి వెనక పేజీలో నాలుగు గళ్ల బొమ్మ. బొమ్మల మీద బతికేవాళ్లకి ఇది మర్యాదైన పని. చదివేవాళ్లు శ్రద్ధగా చదువుతారు, దాచుకుంటారు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తారు. తేడా వస్తే అంత గట్టిగానూ నొచ్చుకుంటారు. చాలాకాలంగా ఈ పని చేస్తున్నాను కనక, కొత్తగా ఒప్పుకున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నాకు తెలిసింది చెబుతాను.

కొత్తవాళ్లు ఎక్కువమంది ఒకే చోట తడబడతారు. కథ తెలిసిందే కదా అని దాని చుట్టూ జోకులు వెతుకుతారు. నోవహు ఓడలోకి దోమల జత ఎందుకెక్కింది, చేప కడుపులో యోనా ఫోన్‌కి సిగ్నల్ లేదు, ఈ బాపతు. అలాంటి జోకుని ఏ కథకైనా తగిలించవచ్చు, అందుకే అది ఏ కథకీ అంటుకోదు. నిజానికి ఈ కథల్లో నవ్వు మొదటినుంచీ ఉంది. మనుషులు భయపడి, సాకులు చెప్పి, మొండికేసి, దేవుడితోనే వాదనకి దిగే కథలివి. ఆ నవ్వుని కనిపెట్టి దానికి చోటివ్వడమే మన పని.

ఎలా కనిపెట్టాలి? కథని జ్ఞాపకంలోంచి గీయకండి. సండే స్కూల్లో విన్నదీ, సినిమాలో చూసిందీ, క్యాలెండరు మీద బొమ్మా కలిసిపోయి మన బుర్రలో ఒక కథ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి గ్రంథం తెరవండి, పెన్సిలు పట్టుకుని చదవండి. మనిషి చేసిన పని ఒకటీ, చెప్పిన మాట ఇంకొకటీ అయిన చోటల్లా గీత పెట్టండి. నవ్వు ఆ సందులోనే ఉంటుంది.

నిర్గమకాండం 32వ అధ్యాయం తీసుకోండి. మోషే కొండమీద ఉండిపోయాడు. కింద జనం ఓపిక పట్టలేక అహరోను మీద పడ్డారు. ఆయన వాళ్ల చెవిపోగులు తెప్పించాడు, బంగారం కరిగించాడు, పనిముట్టు పట్టుకుని దూడని తీర్చాడు. ఇది 4వ వచనంలో ఉంది. మోషే దిగొచ్చి ఇదేమిటని నిలదీస్తే అహరోను చెప్పిన జవాబు 24వ వచనంలో ఉంది: బంగారం ఇచ్చారు, నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది. మధ్యలో ఇరవై వచనాలు. ఆ ఇరవై వచనాల దూరమే మన స్ట్రిప్.

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి. మొదటిది, అహరోను అన్న, మోషే తమ్ముడు. ఫరో ముందు నిలబడేనాటికే పెద్దాయనకి 83 ఏళ్లు, చిన్నాయనకి 80. అంత పెద్ద అన్న, తమ్ముడి కోపం చూసి "నా యేలినవాడా" అంటూ మొదలుపెట్టాడు. తెలుగు పాఠకుడికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు. మొదటి గడిలో "తమ్ముడూ" అని పిలిపించి రెండో గడిలో "అయ్యగారూ" అనిపిస్తే మొహం మీద చెమట చుక్కలు కూడా గీయక్కర్లేదు. వరసలు మార్చి పిలవడంలో ఉన్న నవ్వు మన భాషకి పెద్ద వరం, వాడుకోండి.

రెండోది, ఆ సమయానికి అక్కడ దూడ లేదు. నేను చూసిన బొమ్మలన్నిట్లోనూ అహరోను సాకు చెబుతుంటే వెనకాల దూడ మెరుస్తూ నిలబడి ఉంటుంది. మూలంలో అలా లేదు. మోషే అప్పటికే దాన్ని కాల్చి, పొడి చేసి, నీళ్లలో కలిపి జనం చేత తాగించేశాడు. ఆ తరవాతే అన్నని అడిగాడు. కాబట్టి వెనకాల దూడని గీయకండి, మూతులు తుడుచుకుంటున్న జనాన్ని గీయండి. బొమ్మ కొత్తగా ఉంటుంది, చదివిన పాస్టరుగారు మీరు గ్రంథం తెరిచి గీశారని వెంటనే గుర్తుపడతారు.

మూడోది ఆఖరి గడి. నేనైతే అందులో మాటలు పెట్టను. "దూడ దానంతటదే వచ్చేసింది" అన్న మాట మూడో గడిలో అయిపోయింది. నాలుగో గడిలో మోషే చూపు కిందికి దిగుతుంది, అహరోను నడికట్టులో దోపిన ఉలి మీద ఆగుతుంది. అంతే. ఉలి అంచున రవ్వంత పసుపు రంగు. నవ్వించే గడి ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉండాలని నియమమేమీ లేదు గానీ, చదివేవాడి కన్ను కనిపెట్టాల్సినదాన్ని మాట ముందే చెప్పేస్తే బొమ్మ గీసి దండగ.

ఇంకొక మాట. అదే అధ్యాయంలో నాలుగు వచనాలు దాటితే ఆ రోజు మూడు వేలమంది చనిపోయారని ఉంది. మనం ఎక్కడ ఆగుతున్నామో, ఆ తరవాత ఏముందో తెలిసి ఆగాలి. సాకు దగ్గర నవ్వొచ్చు. చావు దగ్గర పెన్సిలు కింద పెట్టేయాలి.

ఈ తెలివి నాకు పుట్టుకతో రాలేదు. పని మొదలుపెట్టిన రోజుల్లో లోతు భార్య మీద ఒక స్ట్రిప్ గీశాను. ఆమె వెనక్కి తిరిగి ఉప్పు స్తంభమైంది కదా, పక్కనున్నవాళ్లు కూరలోకి ఉప్పు గోక్కున్నట్టు. పత్రికలో వచ్చింది, కొందరు మెచ్చుకున్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ నన్ను ఆపింది. దివిసీమ మనిషి. 1977 నవంబరు ఉప్పెనలో ఇల్లూ వాకిలీ, ఇంట్లోవాళ్లూ పోయినావిడ. "ఇల్లు పోతుంటే ఎనక్కి సూడకుండా ఎవరుంటారు బాబూ" అంది. కోపంగా అనలేదు. నాకేదో తెలియని సంగతి చెప్పినట్టు అంది. ఆ తరవాత ఏ కథ గీసినా, ఇందులో ఎవరికి ఏం పోయింది అన్న ప్రశ్న పెన్సిలు కంటే ముందు వేసుకుంటున్నాను. పోగొట్టుకున్నవాళ్ల మీద నవ్వు ఉండకూడదు. కుష్టురోగి, గుడ్డివాడు, పిల్లలు లేని స్త్రీ, ఆకలితో ఉన్నవాడు, వీళ్ల అవస్థ జోకు కాదు. మన సంఘాల్లో తరాలపాటు వెలి అనుభవించినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల గుడి గుమ్మంలోకి నవ్వు పేరుతో మళ్లీ వెలిని మోసుకెళ్లకూడదు.

జక్కయ్యనే చూడండి. పొట్టివాడని అందరికీ తెలుసు, అందుకని కొత్తవాళ్లు పొట్టితనం మీద జోకులేస్తారు. నవ్వు అక్కడ లేదు. ఆయన యెరికో సుంకరుల్లో పెద్ద, ధనవంతుడు, ఊరంతా చూసి జడిసే మనిషి. అలాంటివాడు ఒళ్లు మరిచి జనం ముందుకి పరిగెత్తి మేడిచెట్టెక్కాడు. మన ఊళ్లో పన్నులు వసూలుచేసే పెద్ద అధికారి, చెప్పులు కిందొదిలి, పంచె ఎగ్గట్టి, కొమ్మమీద వేలాడుతూ దొరికిపోతే ఎలా ఉంటుందో ఊహించండి. కింద ఆయనకి బాకీపడ్డవాళ్లంతా తలెత్తి చూస్తున్నారు. హోదాకీ ఆత్రానికీ మధ్య నవ్వు ఉంది, ఒడ్డూ పొడుగూ సంగతి అనవసరం.

యేసుని గీయాలా వద్దా అని అందరూ అడుగుతారు. గీయండి గానీ నవ్వు ఆయన మీదికి తిప్పకండి. జక్కయ్య కథలో నేను చెట్టు పైనుంచి చూసిన కోణం తీసుకుంటాను: కింద ఎన్నో నడినెత్తులు, వాటి మధ్య పైకి చూస్తున్న ఒకే ఒక్క మొహం. అమెరికాలో 1993లో మొదలైన వెజ్జీటేల్స్ అనే పిల్లల కార్టూన్‌లో టమాటా, దోసకాయా బైబిలు కథలు ఆడతాయి. అంత అల్లరి చేసినవాళ్లు కూడా యేసుని కూరగాయగా చూపించకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఎంత చనువున్నా గీత ఎక్కడుందో ముందే నిర్ణయించుకున్నారు. మీరూ మొదటి బొమ్మకి ముందే అది కాగితం మీద రాసుకోండి.

అలాగని ఆయన దగ్గర నవ్వు లేదనుకోకండి. కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీయబోయే మనిషిని మాటలతో గీసింది ఆయనే. దోమని వడకట్టి ఒంటెని మింగే మనిషిని కూడా. వడ్రంగి ఇంట్లో పెరిగినవాడికి దూలం బరువెంతో, రంపప్పొట్టు కంట్లో పడితే ఎలా ఉంటుందో తెలుసు. ఈ పోలికలకి కథ కల్పించక్కర్లేదు, ఉన్నదున్నట్టు గీస్తే చాలు. దూలం మోసుకుంటూ పక్కింటి గుమ్మంలో పట్టకుండా అడ్డం తిరిగే మనిషి, చేతిలో చిన్న దూది. పిల్లలు పడి పడి నవ్వుతారు.

అయినా కమిటీలో ఒక పెద్దాయన తప్పకుండా అడుగుతాడు, "దేవుని వాక్యంతో నవ్వులాటేమిటి?" అని. ఆ ప్రశ్న న్యాయమైనదే, విసుక్కోకండి. నెమ్మదిగా శారా సంగతి చెప్పండి. తొంభై ఏళ్ల వయసులో బిడ్డ పుడతాడంటే ఆవిడ నవ్వింది. అంతకుముందే అబ్రాహామూ నవ్వాడు. పుట్టిన బిడ్డకి పెట్టిన ఇస్సాకు అన్న పేరుకి అర్థమే నవ్వు. కర్మెలు కొండమీద ఏలీయా, బయలు ప్రవక్తలు 450 మందితో, మీ దేవుడు నిద్రపోతున్నాడేమో ఇంకాస్త గట్టిగా అరవండి అన్నాడు. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండులో, వేక్‌ఫీల్డు నాటకాలని పేరున్నవాటిలో, క్రీస్తు పుట్టుకని చూపించే ఒక నాటకంలో ముందు గొర్రె దొంగతనం నడుస్తుంది. మాక్ అనే దొంగ గొర్రెని ఉయ్యాల్లో పడుకోబెట్టి మా ఆవిడ కన్నది అంటాడు. కాపరులు ఆ ఉయ్యాల దగ్గర నవ్వి, అక్కణ్నుంచి బేత్లెహేము పశువుల తొట్టి దగ్గరికి వెళ్లి మోకరిస్తారు. భక్తీ నవ్వూ ఒకే రాత్రి, ఒకే మనుషుల్లో.

ఇతర దేశాల పని చూసి నేర్చుకోండి, ఎత్తుకొచ్చి అతికించకండి. జపానులో హికారు నకమురా 2006 నుంచి యేసూ బుద్ధుడూ తోక్యో దగ్గర తచికవాలో ఒకే అద్దె గదిలో సెలవులు గడుపుతున్నట్టు కామిక్ వేసింది. అందులో పొదుపు, ఇంటద్దె, ఇరుగుపొరుగు మొహమాటం మీద నవ్వొస్తుంది. ఇద్దర్లో ఎవరికీ చిన్నతనం రాదు. ఆ మెలకువ నేర్చుకోవాల్సిందే గానీ, ఆ కథ మన సండే స్కూలు పుస్తకంలో ఇమడదు. అల్లరి బొమ్మలకి పేరుపడ్డ అమెరికా చిత్రకారుడు రాబర్ట్ క్రంబ్ 2009లో ఆదికాండం యాభై అధ్యాయాలూ ఒక్క వచనం వదలకుండా గీశాడు. హాస్యం జోడించకుండా గీశాడు. ప్రతి మొహంలోనూ ఒక మనిషి ఉంటాడు. మొహాలు గీయడం రావాలంటే ఆ పుస్తకం ముందేసుకోండి.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. పాత ఐరోపా బొమ్మల్లో పరిసయ్యులనీ, ఇస్కరియోతు యూదానీ వంకర ముక్కుతో, కోరచూపుతో గీసే అలవాటుంది. మనకి తెలియక అవే నమూనాగా దించేస్తాం. యూదు జనాన్ని దుర్మార్గులుగా చూపించడానికి పుట్టిన గీత అది. కథలో యేసూ, పేతురూ, మరియా అందరూ యూదులేనని మరచిపోకండి. అమెరికాలో బి.సి. అనే స్ట్రిప్ వేసే జానీ హార్ట్ 2001 ఈస్టరు ఆదివారం నాడు, యూదుల ఏడు కొమ్మల దీపస్తంభం ఒక్కో దీపం ఆరిపోతూ చివరికి సిలువగా మారినట్టు గీశాడు. రెండు మతాలనీ గౌరవించాలనే గీశానన్నాడు. మా మతం ఆరిపోయిందని చెబుతున్నారా అని యూదులు బాధపడ్డారు. గీసినవాడి మనసు మంచిదైనా బొమ్మ చెప్పింది వేరు. ఇదంతా ఎక్కడో సంగతి అనుకోనక్కర్లేదు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి, బెనె ఎఫ్రాయిము అంటారు. వాళ్ల పిల్లాడు కూడా మన బొమ్మ చూస్తాడు అనుకుని గీయండి.

మాటల సంగతికొస్తే, పేర్లు తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాయండి: యోనా, నోవహు, నీనెవె, గొల్యాతు. ఇంగ్లీషు సినిమాలో విన్న పలుకుబడి పెడితే పాఠకుడికి పరాయిగా తోస్తుంది. కతోలికులకి గీస్తుంటే ముందే అడగండి. పాత తరం ఇళ్లల్లో పేతురు రాయప్ప, పౌలు చిన్నప్ప. సంభాషణ మాత్రం వాడుక భాషలో నడవాలి. దేవుడి మాటకి నేను బెలూను గీత గీయను, ఖాళీ ఆకాశంలో అక్షరాలు వదిలేస్తాను, అవి కూడా నాలుగైదు మాటలు మించకుండా. మాండలికం వాడితే దాన్ని తక్కువ చేయకండి. తెలివితక్కువవాడికి ఒక జిల్లా యాస, రౌడీకి ఇంకో జిల్లా యాస ఇచ్చే సినిమా అలవాటు మన స్ట్రిప్‌లోకి రానివ్వకూడదు. యోనా ఎక్కిన ఓడవాళ్లకి నేను ఉత్తరాంధ్ర తీరపు మాట పెట్టాను, ఎందుకంటే ఆ కథలో బుద్ధిమంతులు వాళ్లే. తుపానులో ప్రవక్త అడుగున గుర్రుపెట్టి నిద్రపోతుంటే ప్రార్థన చేసినవాళ్లూ, అతన్ని సముద్రంలో వేయడానికి చేతులు రాక ఒడ్డుకి తెడ్లు వేసినవాళ్లూ ఆ నావికులే.

తెలుగు అక్షరం ఎంత చోటడుగుతుందో చూడకుండా గడి గీయకండి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం రాస్తే పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దాని పక్కన రవత్తు. ఇంగ్లీషులో మూడు వరసలు పట్టే బెలూనులో మనకి రెండే పడతాయి. అందుకే ముందు మాటలు రాసి, బెలూను గీసి, మిగిలిన చోట మనిషిని కూర్చోబెట్టండి. బెలూనుకి పది పన్నెండు మాటలు దాటితే సగం కొట్టేయండి. ఇప్పుడు స్ట్రిప్‌ని ఎక్కువమంది ఫోన్లోనే చూస్తున్నారు కనక నాలుగు గళ్లూ ఒకే కొలత చతురస్రాలుగా గీసుకోండి, పత్రికలో అడ్డంగా, వాట్సాప్‌లో నిలువుగా పేర్చుకోవచ్చు.

ఇంకు వేయకముందు పెన్సిలు బొమ్మ ముగ్గురికి చూపించండి: పాస్టరుగారికి, పదేళ్ల పిల్లకి, ఆ మతంతో సంబంధం లేని ఒక స్నేహితుడికి. పిల్ల నవ్వకపోతే బొమ్మలో లోపం. స్నేహితుడికి అర్థం కాకపోతే కథ చెప్పడంలో లోపం. పాస్టరుగారు మౌనంగా ఉండిపోతే కూర్చుని అడగండి.

డబ్బూ హక్కులూ రాతలో పెట్టుకోండి, సంఘం మనదే కదా అని మొహమాటపడొద్దు. కాపీరైటు చట్టం 1957లోని 19వ సెక్షను ప్రకారం హక్కు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. జీతానికి పనిచేస్తుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా గీసిన బొమ్మ యజమానిది. విడిగా డబ్బు తీసుకుని గీసినప్పుడు ఎవరిదన్న తగువు రాకుండా ఒక్క వాక్యం రాయించుకోండి. బైబిలు కథకి ఎవరి కాపీరైటూ లేదు గానీ, కొత్త అనువాదాల్లో చాలావాటికి ఉంది. వచనం ఉన్నదున్నట్టు వేస్తే అనుమతి అడగాలి. ద్వేషబుద్ధితో కావాలని మతభావాలని గాయపరిస్తే మూడేళ్లదాకా జైలు అనే పాత 295ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299వ సెక్షను. ప్రేమతో గీసేవాడు ఆ సెక్షనుకి భయపడి చేయి ముడుచుకోనక్కర్లేదు, కానీ తెలిసుండాలి.

మొదటి స్ట్రిప్‌కి ఏ కథ తీసుకోవాలని అడిగితే అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం ఇస్తాను. పేతురు చెరసాల్లో ఉన్నాడు. దూత వచ్చి లేపాడు, సంకెళ్లు ఊడాయి, ఊరివైపు ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంది. పేతురు నేరుగా తన కోసం అంతా ప్రార్థిస్తున్న ఇంటికొచ్చి తలుపు తట్టాడు. రొదే అనే పనిపిల్ల గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక, తలుపు తీయడం మరిచి లోపలికి పరిగెత్తింది. లోపలివాళ్లు నీకు పిచ్చా అన్నారు. పేతురు తడుతూనే ఉన్నాడు. రాజుగారి ఇనుప తలుపు తెరుచుకుంది, ప్రార్థన జరిగే ఇంటి తలుపు తెరుచుకోలేదు. ఒక్క మాట కల్పించకుండా నాలుగు గళ్లు నిండుతాయి. పిల్ల మొహంలో సంతోషం మాత్రం తగ్గించకండి, ఆ ఇంట్లో నమ్మింది ఆ ఒక్కతే.

చివరి గడిలో నీతివాక్యం పెట్టమని అడుగుతారు. వద్దని నచ్చజెప్పండి, కావాలంటే పేజీ కింద వచనం సంఖ్య వేయమనండి. యోనా గ్రంథం ఎలా ఆగిందో చూపించండి: నీనెవెలో లక్షా ఇరవై వేలమంది ఉన్నారు, పశువులూ బోలెడున్నాయి, వాళ్ల మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడు అడుగుతాడు, అక్కడితో పుస్తకం అయిపోతుంది. యోనా జవాబు లేదు. ఆ ఊరి రాజు అంతకుముందు పశువులకి కూడా గోనెపట్ట కప్పమని ఆజ్ఞ వేశాడు. చలికాలంలో మన పాకల్లో గేదెలమీద గోనెపట్టా కప్పడం చూసినవాళ్లే కదా మీరంతా, ఆ మడత ఎలా జారుతుందో, తోక దగ్గర ఎలా ఎగురుతుందో తెలుసు. నా స్ట్రిప్‌లో ఆఖరి గడి అదే: ఎండిన సొరతీగ కింద మూతి ముడుచుకుని యోనా, ఎదురుగా గోనె కప్పుకున్న ఎద్దు, దాని పెద్ద కళ్లు అతనివైపే.